మాంటెరీ చల్లని నీళ్ళకి సెమీ డ్రై సూటు కొంటున్నారా, మందం తర్వాత, ముందు ఫిట్టింగ్ చూసుకోండి

కాలిఫోర్నియా బే ఏరియాలో మనవాళ్ళు ఈమధ్య చాలామంది డైవింగ్ నేర్చుకుంటున్నారు, చాలా సంతోషంగా ఉంది, కానీ దాదాపు అందరూ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "సూటు ఎన్ని ఎంఎం తీసుకోవాలి?" అని. 7 ఎంఎం తీసుకోండి, అది పెద్ద ప్రశ్నే కాదు. అసలు అడగాల్సింది అది మీ ఒంటికి పట్టిందా లేదా అని. ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, అందుకే కాస్త పొడుగైనా సరే మొత్తం రాస్తున్నాను.

నేను భీమిలిలో పెరిగాను, మా సముద్రం ఎప్పుడు దిగినా గోరువెచ్చగానే ఉంటుంది. డైవింగ్ సర్టిఫికేషన్ అండమాన్ హేవ్‌లాక్‌లో చేశాను, అక్కడ 3 ఎంఎం పొట్టి సూటు వేసుకున్నా చాలు, అసలు చలి అనే ఆలోచనే రాలేదు. తర్వాత ఫ్రీమాంట్ వచ్చాక మాంటెరీలో డైవ్ చేద్దామని ఆన్‌లైన్‌లో ఎత్తు, బరువు చూసి సైజు చార్టు ప్రకారం ఒక 7 ఎంఎం సెమీ డ్రై తెప్పించుకున్నాను. వేసుకుంటే చాలా తేలిగ్గా ఎక్కేసింది, అబ్బ భలే సరిపోయింది అనుకున్నాను, అక్కడే తప్పు జరిగింది. ఏప్రిల్‌లో బ్రేక్‌వాటర్ దగ్గర దిగాం, నీళ్ళు 51 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే పదిన్నర సెంటీగ్రేడ్. ముందుకి వంగి ఈదినప్పుడల్లా నడుం వంపులోకి చల్లటి నీళ్ళు జర్రున జారుతున్నాయి, పదిహేను నిమిషాలకి వణుకు మొదలైంది, ఇరవై నిమిషాలకి వేళ్ళు కొంకర్లు పోయి బీసీడీ, అంటే గాలి నింపుకుని తేలడానికి వేసుకునే జాకెట్, దాని బటన్ నొక్కడానికే కష్టమైంది. డైవ్ ఆపేసి పైకొచ్చేశాం. అదే రోజు మాతో వచ్చిన ఇంకొకావిడ పాత 5 ఎంఎం సూటులో, లోపల ఒక వెస్ట్ వేసుకుని, నలభై నిమిషాలు హాయిగా ఉంది. తేడా అల్లా ఆవిడ సూటు ఆవిడ ఒంటికి చర్మంలా పట్టింది, నాది పట్టలేదు, అంతే.

ముందు మాంటెరీ నీళ్ళ సంగతి. కాలిఫోర్నియా అంటే ఎండ, బీచ్ అనుకుంటాం కానీ మాంటెరీలో నీళ్ళు ఏడాది పొడుగునా ఇంచుమించు 50 నుంచి 60 ఫారెన్‌హీట్ మధ్యే ఉంటాయి. వసంతంలో వాయవ్యం గాలులు పై నీటిని సముద్రం లోపలికి తోసేస్తే అడుగున ఉన్న చల్లటి నీళ్ళు పైకొస్తాయి, అందుకే మార్చి నుంచి జూన్ దాకా ఇంకా చల్లగా ఉంటాయి, 50 కన్నా దిగిపోయే రోజులు కూడా ఉంటాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో కాస్త నయం. ఆ చల్లటి నీళ్ళలో ఉన్న పోషకాల వల్లే అక్కడ అంత కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు అడవి, అన్ని సీల్స్, సీ ఆటర్స్ ఉన్నాయి, కాబట్టి చలి లేని మాంటెరీ కావాలంటే కుదరదు. నీళ్ళు గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా మన ఒంట్లోంచి వేడిని లాగేస్తాయి. రూములో 55 డిగ్రీలంటే స్వెటర్ వేసుకుంటే సరిపోతుంది, నీళ్ళలో 55 అంటే వేరే లోకం.

ఇప్పుడు సెమీ డ్రై అంటే ఏంటో. పేరు చూసి సగం పొడిగా ఉంచుతుందేమో అనుకోకండి, ఒళ్ళు తడుస్తుంది. మామూలు వెట్‌సూటుకి దీనికి తేడా ఏంటంటే మెడ దగ్గర, మణికట్టు దగ్గర, చీలమండల దగ్గర లోపలి వైపు నున్నటి రబ్బరు సీల్స్ ఉంటాయి, జిప్ కూడా నీళ్ళని బాగా ఆపేది పెడతారు, అందువల్ల లోపలికి వచ్చే నీళ్ళు చాలా తక్కువ, వచ్చినవి కూడా బయటికి పోవు. ముఖ్యమైంది ఆ రెండోదే. లోపల చిక్కుకున్న పల్చటి నీటి పొర మన ఒంటి వేడికి వెచ్చబడి అలాగే ఉండిపోతుంది, దాని పైన సూటు తయారైన నురుగు రబ్బరులో, అంటే నియోప్రిన్‌లో ఉన్న చిన్న చిన్న గాలి బుడగలు ఆ వేడిని బయటికి పోనివ్వవు. వెచ్చగా ఉండడానికి పొడిగా ఉండక్కర్లేదు అనే ఈ ఆలోచన మన పక్కనే ఉన్న బర్కిలీలో హ్యూ బ్రాడ్నర్ అనే ఫిజిక్స్ ఆయనకి వచ్చింది, 1952 ప్రాంతంలో ఆయన చేసిన పని నుంచే ఇవాళ్టి వెట్‌సూట్లన్నీ వచ్చాయి. మనం బర్కిలీ మీదుగా రోజూ వెళ్తూ ఉంటాం కదా, ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ఆ ఊరంటే ఒక రకమైన గౌరవం.

సరే, ఆ నీటి పొర మారిపోతూ ఉంటే ఏమవుతుందో ఒక చిన్న లెక్క వేసి చూడండి. సూటు వదులుగా ఉండి నడుం దగ్గర, చంకల దగ్గర కలిపి ఒక లీటరు చల్లటి నీళ్ళు వచ్చాయనుకోండి. 10 సెంటీగ్రేడ్ నీళ్ళని 30కి వేడి చేయాలంటే మీ ఒళ్ళు 20 కిలోకేలరీలు ఖర్చు పెట్టాలి. కుదురుగా కూర్చున్న మనిషి ఒంట్లో గంటకి పుట్టే వేడి దాదాపు 70, 80 కిలోకేలరీలు. అంటే ఆ లీటరు నాలుగుసార్లు మారితే గంటసేపటి వేడి పోయినట్టే, మీరు ఒక్కసారి వంగి లేస్తే చాలు అది మారిపోతుంది. ఇంక 7 ఎంఎం ఉంటే ఏంటి, 8 ఎంఎం ఉంటే ఏంటి, చెప్పండి.

కొలతలతో మొదలుపెడదాం. మన ఆడవాళ్ళకి ఇది బాగా తెలిసిన పనే, టైలర్‌కి ఆది జాకెట్టు ఇస్తే కుట్టినట్టు ఒక సైజు అంటే సరిపోదు, ప్రతి చోటా కొలత కావాలి. ఎత్తు, బరువుతో పాటు మెడ, ఛాతీ, నడుం, తుంటి, తొడ, పిక్క, చీలమండ, భుజం, మణికట్టు, అలాగే అందరూ మర్చిపోయే కొలత ఒకటుంది, మొండెం పొడుగు. మెడ కింద ఎముక దగ్గర నుంచి కాళ్ళ మధ్యగా తిప్పి వెనక మెడ దాకా టేపు పెట్టి కొలవాలి, ఇంట్లో ఎవరినైనా పట్టుకోమనండి, ఒక్కళ్ళకి రాదు. స్విమ్‌సూట్ మీద కొలవాలి, బట్టల మీద కాదు. ఈ కొలత ఎందుకంటే ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకళ్ళకి కాళ్ళు పొడుగు, ఇంకొకళ్ళకి మొండెం పొడుగు ఉంటాయి. సూటు మొండెం పొట్టిదైతే భుజాల్ని కిందకి లాగేస్తూ ఉంటుంది, ఊపిరి తీయడం కష్టం, చేతులు పైకి ఎత్తలేరు. పొడుగైతే నడుం వంపులో సంచిలా తయారవుతుంది, నా మొదటి సూటుకి వచ్చిన జబ్బు అదే.

బ్రాండ్‌కి బ్రాండ్‌కి చార్టులు వేరు, స్కూబాప్రోలో మీడియం అయినవాళ్ళు వాటర్‌ప్రూఫ్ అనే బ్రాండ్‌లోనో బేర్‌లోనో మీడియం కావాలని రూలేం లేదు. మీడియం షార్ట్, మీడియం టాల్, లార్జ్ షార్ట్ ఇలా మధ్య సైజులు ఉన్న కంపెనీ చూసుకుంటే మనకి అవకాశం ఎక్కువ. నేను చూసినంతలో మన మగవాళ్ళలో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే చాలామందికి పొట్ట దగ్గర కొలత ఒక సైజు, తొడలు, పిక్కలు ఇంకో సైజు వస్తున్నాయి. అలాంటప్పుడు పొట్టకి సరిపోయేది తీసుకుంటే కాళ్ళ దగ్గర వదులు, కాళ్ళకి సరిపోయేది తీసుకుంటే ఊపిరాడదు. ఆడవాళ్ళు మగవాళ్ళ సూటు అస్సలు తీసుకోకండి, డిస్కౌంట్‌లో వచ్చినా సరే, తుంటికి సరిపోతే నడుం దగ్గర గుప్పెడు గుడ్డ మిగిలిపోతుంది. ఐదడుగుల లోపు వాళ్ళకి, లేదంటే ఇలా రెండు సైజుల మధ్య పడేవాళ్ళకి నా సలహా కొలతలిచ్చి కుట్టించుకోవడమే, కొంత ఎక్కువ అవుతుంది కానీ రెండుసార్లు కొనడం కన్నా చవక, ఇది అనుభవం మీద చెప్తున్నాను.

వీలైతే షాపుకి వెళ్ళి వేసుకుని చూడండి, గంట టైమ్ పెట్టుకుని వెళ్ళండి. పొద్దున్నే వెళ్తే మంచిది, ఎందుకంటే 7 ఎంఎం వేసుకోవడం అంటే కుస్తీ పట్టినట్టే, మొదటిసారి పది పదిహేను నిమిషాలు పడుతుంది, చెమటలు కారిపోతాయి, ఒంటికి చెమట పడితే ఇంక ఎక్కదు. ముందు రోజు గోళ్ళు కత్తిరించుకోండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. మెట్టెలు, పట్టీలు ఉంటే అవి కూడా, చీలమండ సీల్ నున్నటి రబ్బరు కాబట్టి మెట్టె అంచు తగిలితే బ్లేడు పెట్టినట్టు చిరుగుతుంది. నియోప్రిన్‌ని ఎప్పుడూ వేళ్ళ మెత్తటి భాగంతో పట్టుకుని లాగాలి, గోళ్ళతో గిచ్చి లాగితే నెలవంకలా కోత పడుతుంది, షాపువాళ్ళు దానికి డబ్బులు కట్టించుకుంటారు కూడా.

కాలికి ఒక పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని దూరిస్తే చీలమండ దగ్గర సులువుగా జారుతుంది, కాలు బయటికొచ్చాక కవర్ తీసి చేతులకి తొడుక్కోండి. ఒక్కసారిగా పైకి లాగేయొద్దు. పిక్కల దాకా వచ్చాక ఆగి కింద నుంచి గుడ్డని గుప్పెట్లతో పైకి జరుపుకుంటూ రావాలి, మోకాళ్ళు, తొడలు, చివరికి గజ్జల దగ్గర సూటుకీ ఒంటికీ మధ్య ఖాళీ లేదు అనుకున్నాకే చేతులు దూర్చాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు, గజ్జల దగ్గర రెండంగుళాలు కిందకి ఉండగానే చేతులు దూర్చేసి "భుజాల దగ్గర టైట్‌గా ఉంది, పై సైజు ఇవ్వండి" అంటారు, పై సైజు వేసుకుంటే ఇంక వదులే వదులు. సైజు మార్చేముందు ఒకసారి విప్పి మళ్ళీ సరిగ్గా వేసుకుని చూడండి.

మణికట్టు సీల్ దగ్గర మన గాజులవాళ్ళు గుర్తొస్తారు నాకు. చిన్న సైజు గాజు ఎక్కించేటప్పుడు బొటనవేలిని అరచేతిలోకి మడిచి చెయ్యి సన్నగా చేసి నెమ్మదిగా జరుపుతారు కదా, అచ్చం అలాగే చేయాలి. కొన్ని సూట్లలో సీల్‌ని లోపలికి మడవాలి, అప్పుడు నున్నటి వైపు చర్మానికి తగుల్తుంది, షాపువాళ్ళని అడిగి ఏది ఎలాగో తెలుసుకోండి, మడవకుండా వదిలేస్తే మంచి సూటు కూడా కారుతుంది. సీల్ ఎక్కకపోతే కండిషనర్ కలిపిన నీళ్ళు రాసుకోవచ్చు, వాజలీన్ మాత్రం వద్దు, పెట్రోలియం జెల్లీ నియోప్రిన్‌ని పాడు చేస్తుంది.

జిప్ వేశాక అసలు పరీక్ష. నిలబడి అద్దంలో చూసుకుని బాగుంది అనేస్తే కుదరదు. ఇంకొకళ్ళని మీ నడుం వంపు మీద అరచేత్తో నొక్కమనండి, బుస్సుమని గాలి కదిలినట్టు వినిపించినా, చెయ్యి లోపలికి దిగినా అక్కడ ఖాళీ ఉన్నట్టే. షాపులో గాలి ఉన్నచోట సముద్రంలో నీళ్ళుంటాయి, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అలాగే చంకల కింద, ఛాతీ కింద, గజ్జల్లో, మోకాలి వెనక గుంటలో కూడా నొక్కి చూడాలి. మోకాలి వెనక చిన్న ముడతలు వంగినప్పుడు వస్తాయి, అది మామూలే, నిటారుగా నిలబడినా గుడ్డ మిగిలిపోతుంటే మాత్రం పొడుగు ఎక్కువ అని అర్థం.

తర్వాత గొంతుక్కూర్చోండి, లేవండి. రెండు చేతులూ పూర్తిగా పైకెత్తండి. మిమ్మల్ని మీరే కౌగిలించుకున్నట్టు చేతులు అడ్డంగా పెట్టండి, వెనక్కి చెయ్యి పెట్టి సిలిండర్ వాల్వు అందుకున్నట్టు చేయండి. బాతులా ముందుకి వంగి ఈత భంగిమలో ఉండి తల పైకెత్తి చూడండి, నీళ్ళలో మీరు ఎక్కువసేపు ఉండేది ఇలాగే, నిలబడి కాదు. ఈ కదలికల్లో సూటు మీతో పాటు కదలాలి, అక్కడక్కడా తేలి మళ్ళీ అతుక్కుంటూ ఉంటే పంపులా పనిచేస్తుంది, చల్లటి నీళ్ళని లోపలికి పీల్చి వెచ్చటి నీళ్ళని బయటికి తోస్తుంది.

బిగుతు ఎంత ఉండాలి అంటే, గాల్లో ఉన్నప్పుడు కాస్త ఎక్కువే బిగుతుగా అనిపించాలి, నీళ్ళలో దిగాక, రెండు మూడు డైవ్‌ల తర్వాత కొంచెం సర్దుకుంటుంది. కానీ నిండా ఊపిరి పీల్చండి, పొట్ట, ఛాతీ రెండూ ఏ అడ్డూ లేకుండా నిండాలి. సగంలో ఆగిపోతుంటే ఆ సూటు వద్దు, చల్లటి నీళ్ళలో ఎలాగూ ఊపిరి బరువవుతుంది, దానికి తోడు ఛాతీ బిగించుకుని దిగడం మంచిది కాదు, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్ళు ఇక్కడ అస్సలు రాజీపడకండి, డైవింగ్‌కి ముందు డాక్టర్‌తో కూడా మాట్లాడండి. చేతివేళ్ళు రెండు మూడు నిమిషాల్లో తిమ్మిరెక్కితే మణికట్టు సీల్ టైట్.

అన్నిటికన్నా మెడ దగ్గర జాగ్రత్త. మెడకి రెండు పక్కలా కెరోటిడ్ రక్తనాళాలు ఉంటాయి, అక్కడ గట్టిగా ఒత్తిడి పడితే ఒళ్ళు దాన్ని బీపీ పెరిగింది అనుకుని గుండె వేగం తగ్గించేస్తుంది, కళ్ళు తిరుగుతాయి, స్పృహ తప్పే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి సూటు వేసుకుని, తలకి, మెడకి తొడుక్కునే హుడ్ కూడా పెట్టుకుని, షాపులో కనీసం ఐదు నిమిషాలు ఉండండి. గడ్డం ఛాతీకి ఆనించండి, తల రెండు వైపులా తిప్పండి. మొహం నిండుగా, ఎర్రగా అనిపించినా, తల తేలినట్టున్నా వెంటనే జిప్ తీసేయండి. మెడ సీల్ చర్మానికి చుట్టూ ఆనుకుని ఉండాలి, నొక్కకూడదు, మధ్యలో ఒక వేలు దూర్చగలగాలి, తల తిప్పినప్పుడు పక్కన సందు పడకూడదు.

మెడ గురించే ఇంకో మాట, ఇది మన ఆడవాళ్ళకి ఎవరూ చెప్పరు. మంగళసూత్రం, నల్లపూసలు, ఏ గొలుసైనా సరే మెడ సీల్ కింద ఉంటే ఆ గొలుసు పక్కనుంచే నీళ్ళు దారి చేసుకుని వెళ్తాయి, సీల్ కూడా నలుగుతుంది. నేను తీసి ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి వెళ్తాను, మా అత్తగారికి ఒకసారి వివరంగా చెప్పాను, ఆవిడే ఇప్పుడు డైవ్‌కి వెళ్ళే రోజు "తీసి పెట్టావా అమ్మా" అని గుర్తుచేస్తారు. జడ కూడా అంతే. జడ మెడ సీల్‌ని దాటుకుని వీపు మీదకి వెళ్తే దాని వెంట నీళ్ళు పాక్కుంటూ వస్తాయి, పైన కొప్పు పెడితే హుడ్ లేచిపోతుంది. జుట్టుని చదునుగా అల్లి తల వెనక భాగంలో పరిచి హుడ్ లోపలే ఉండేట్టు చూసుకోండి, ఒక్క పాయ కూడా బయటికి రాకుండా. మగవాళ్ళకి గుబురు గడ్డం ఉంటే హుడ్ అంచు మొహానికి సరిగ్గా ఆనదు. మొలతాడుతో నీళ్ళకి సంబంధం లేదు కానీ దానికి బిళ్ళ ఉంటే మునగడానికి బరువులు పెట్టి కట్టుకునే వెయిట్ బెల్ట్ కింద గుచ్చుకుంటుంది.

జిప్ సంగతి. వీపు మీద నిలువుగా ఉండేది, భుజాల మీద అడ్డంగా ఉండేది, ఛాతీ మీద ఏటవాలుగా ఉండేది, ఇలా రకరకాలున్నాయి. ముందు వైపు జిప్ అయితే ఒక్కళ్ళే వేసుకోవచ్చు, వీపు జిప్‌కి ఇంకొకళ్ళు కావాలి, నాకు మావారు వేస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. డ్రై సూటుకి, అంటే ఒళ్ళు అసలు తడవకుండా ఉంచే సూటుకి, వాడే రకం గట్టి జిప్ ఉంటే నీళ్ళు బాగా ఆగుతాయి కానీ అది గట్టిగా ఉంటుంది, మడవకూడదు, లోహం జిప్‌కి మైనం రాయాలి. మామూలు జిప్ ఉంటే దాని వెనక వెడల్పాటి నున్నటి నియోప్రిన్ పట్టీ ఉందా, జిప్ వేసేటప్పుడు అది ముడత పడకుండా చదునుగా ఉందా చూడండి. ఏ జిప్ అయినా దాని రెండు చివర్లు కూడా చూడండి, నీళ్ళు అక్కడ నుంచీ రావచ్చు.

కుట్లు తప్పకుండా చూడాలి. సూటుని తిరగేసి లోపల చూడండి, రైలు పట్టాల్లా కుట్టు రెండు వైపులా కనిపిస్తుంటే సూది ఆ పక్క నుంచి ఈ పక్కకి దిగిందన్నమాట, ప్రతి రంధ్రం ఒక చిల్లే, అలాంటిది హవాయికి సరిపోతుంది, మాంటెరీకి పనికిరాదు. మనకి కావాల్సింది జిగురుతో అతికించి, సూది సగం మందం దాకానే దిగేట్టు కుట్టిన రకం, దాన్ని బ్లైండ్ స్టిచ్ అంటారు, దాని మీద లోపల టేపు కూడా వేస్తే ఇంకా మంచిది. లోపలి లైనింగ్ మెత్తగా నూగులా ఉంటే వేసుకోవడానికి సుఖంగా ఉంటుంది, రంగులు, పేర్లు, టైటానియం అని రాసి ఉండడం ఇవన్నీ చూసి మాత్రం ఎక్కువ డబ్బులు పెట్టకండి.

మందం విషయం ఒకటి తెలుసుకుంటే చాలు. నియోప్రిన్ వెచ్చదనమంతా గాలి బుడగల్లోనే ఉంది, 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు అవుతుంది కాబట్టి ఆ బుడగలు సగం అవుతాయి, 30 మీటర్ల దగ్గర పావు వంతు. అందుకే లోతుకి వెళ్ళేకొద్దీ సూటు పల్చనై చలి పెరుగుతుంది, పైన పట్టినట్టున్న సూటు కింద కాస్త వదులవుతుంది, పైన వదులున్నదైతే ఇంక చెప్పక్కర్లేదు. బ్రేక్‌వాటర్‌లో గానీ లవర్స్ పాయింట్‌లో గానీ కొత్తవాళ్ళం ఎలాగూ అంత లోతుకి వెళ్ళం, 7 ఎంఎం సెమీ డ్రైతో రెండు డైవ్‌లు హాయిగా చేయొచ్చు. మాంటెరీ షాపుల్లో అద్దెకిచ్చే రెండు ముక్కల సూట్లు కూడా ఉంటాయి, ఓవరాల్‌లా ఒకటి, దాని మీద జాకెట్, ఛాతీ మీద 14 ఎంఎం పడుతుంది, వెచ్చగానే ఉంటుంది కానీ కదలడం కష్టం, అద్దెవి కాబట్టి ఫిట్టింగ్ అంతంతమాత్రమే. అయినా కొనేముందు ఒకటి రెండుసార్లు అద్దెకి తీసుకుని ఈ చల్లదనం మీకు ఎంత పడుతుందో చూసుకోండి. హుడ్ పెట్టుకుని కూడా అరగంటలో వణికిపోయే ఒళ్ళైతే, లేదంటే ఏడాదంతా ప్రతి వారం వెళ్తాం అనుకుంటే, డబ్బులు దాచుకుని డ్రై సూటుకే వెళ్ళడం మంచిది, దానికి వేరే ట్రైనింగ్ కావాలి, ఖర్చు కూడా మూడు నాలుగింతలు.

హుడ్, గ్లవ్స్, బూట్లు సూటుతో పాటే కొనండి, ఎందుకంటే ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. చీలమండ లోపలి సీల్ చర్మానికి, దాని మీద బూటు, బూటు మీద సూటు బయటి అంచు, ఈ వరస తప్పకూడదు. గ్లవ్స్ కూడా అంతే, సూటుకి రెండు అంచులుంటే గ్లవ్ వాటి మధ్యలోకి పోవాలి. 5 ఎంఎం గ్లవ్స్ వేసుకుని షాపులోనే ఒక కారాబీనర్ క్లిప్పు తీసి పెట్టి చూడండి, చేతకాకపోతే వేరేది చూడండి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే మందాన్ని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడండి, భుజాల దగ్గర, వీపు మీద సిలిండర్ ఆనే చోట అట్టలా గట్టిపడి పల్చబడిపోయి ఉంటే బుడగలు చచ్చిపోయినట్టే, ఎంత చవకైనా వద్దు. సీల్స్ లాగితే పగుళ్ళు కనిపించకూడదు. ఆన్‌లైన్ అయితే పక్కపక్క రెండు సైజులు తెప్పించుకుని, ఏసీ వేసుకుని ఇంట్లో ఇదే పరీక్షంతా చేసి ఒకటి వెనక్కి పంపండి, ట్యాగులు తీయకండి, రిటర్న్ రూల్స్ ముందే చదువుకోండి.

కొత్త సూటుతో మొదటి డైవ్ 20 అడుగుల లోపే పెట్టుకోండి. ముందు వెయిట్ చెక్ చేయాలి, అంటే ఎంత బరువు కట్టుకోవాలో చూసుకోవాలి, 7 ఎంఎం సూటు బాగా తేలుతుంది, అండమాన్‌లో నేను పెట్టుకున్న బరువుకి ఇక్కడ మూడింతలైంది. బీసీడీలో గాలి తీసేసి, మామూలు ఊపిరి పట్టుకుని నిటారుగా ఉంటే నీళ్ళు కళ్ళ మట్టానికి రావాలి, అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయ్యాక తేలుతుంది కాబట్టి దానికి ఇంకో నాలుగైదు పౌండ్లు కలుపుకోండి. దిగాక ఒక నిమిషం కదలకుండా ఉండి ఒంటి మీద ఎక్కడ చల్లటి దారం పాకుతున్నట్టుందో గమనించండి. తల తిప్పినప్పుడు మెడ దగ్గరా? కెమెరా గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు దగ్గరా? పిడికిలి బిగిస్తే మణికట్టు నరాలు లేచి రెండు పక్కలా సందు పడుతుంది, సన్నటి చేతులవాళ్ళకి ఇది మరీ ఎక్కువ, గ్లవ్ అంచు సీల్ మీదకి వచ్చేట్టు పెట్టుకుంటే చాలావరకు పోతుంది. పైకొచ్చి సూటు విప్పేటప్పుడు చీలమండ దగ్గర నుంచి కారే నీళ్ళు కొంచెమే ఉండి గోరువెచ్చగా ఉంటే మీ సూటు మీకు కుదిరినట్టు. చెంబుడు చల్లటి నీళ్ళు దభాలున పడితే ఇంకా వెనక్కి ఇచ్చే గడువు ఉందేమో చూసుకోండి.

రెండు డైవ్‌ల మధ్య గాలి తగలకుండా పైన ఒక జర్కిన్ వేసుకోండి, మాంటెరీ గాలి తడి సూటుని నిమిషాల్లో చల్లబరుస్తుంది. మేం పెద్ద ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళు తీసుకెళ్ళి రెండో డైవ్‌కి ముందు మెడ దగ్గర నుంచి లోపలికి పోసుకుంటాం, ఆ సుఖం మాటల్లో చెప్పలేను, కాకపోతే చేత్తో ముట్టుకుని వేడి చూసుకోండి, చలికి చేతులకి స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి ఇంకొకళ్ళతో కూడా చూపించండి. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో లోపలా బయటా కడిగి, నీడలో, వెడల్పాటి హ్యాంగర్‌కి వేయండి, మడత పెట్టి ట్రంకులో పడేస్తే మడత పడ్డ చోట బుడగలు నలిగి అక్కడే మొదట చలి వేస్తుంది. ఐదారు కిలోలు పెరిగినా తగ్గినా మళ్ళీ ఒకసారి నడుం వంపు దగ్గర నొక్కించుకుని చూసుకోండి.